అమ్మ పేరున్న చరణం

పటాన్‌చెరు.

చిరంజీవి మురళీమోహన్‌కి అక్క దీవెనలు.

స్వామి దయవల్ల ఇక్కడ మేమంతా కులాసా. వార్సాలో నువ్వూ, హన్నా చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. ఫోన్లో అయితే మాటకు అడ్డం వస్తావని కాగితం పట్టాను.

ఫ్యాక్టరీల వాసన తగ్గిందా అని అడిగావు. వాన పడితే వస్తుంది. మీ బావకి దగ్గు నయమే.

హన్నా సినిమా చూశావా, మాట్లాడవేం అనీ అడిగావు. చూశాను. నీ మేనకోడలు తేజస్విని ఫోన్లో పెట్టింది. గని కార్మికుడి భార్యగా ఎంత బాగా వేసిందో. బొగ్గు గనుల ఊళ్లో పుట్టి, చర్చిలో పాడి, చిన్న నాటకాల్లో వేసి, తన పాటలు తానే కట్టుకుని పైకొచ్చిన పిల్ల. మీరిక్కడికి వచ్చినప్పుడు చిక్కుడుకాయలు ఒలుస్తూ అదంతా నాకు చెప్పింది కదా, నువ్వు తెలుగులో చెబుతుంటే విన్నాను. వాళ్ల నాన్నకీ మన నాన్నలాగే నైట్‌డ్యూటీలు.

ఎదురింటి సావిత్రమ్మ సంబరం చూడాలి. "ఏందక్కా, మీ మరదలు సిన్మాల పాడిందట! ఇగ మాతోని మాట్లాడతవో లేదో" అంది.

పాట మాటలు వాళ్ల భాషలోవి. వరస అమ్మది. పగలు పడుకున్న నాన్నకి మెలకువ రాకూడదని క్వార్టర్స్ వంటింట్లో లోగొంతుతో కట్టిన పవళింపు పాట. సినిమా చివర "రచన, వరస: మురళీమోహన్" అని పడిందట. తేజస్విని రెండోసారి చదివి, నా ముఖం చూసి ఆపేసింది.

మొదట హన్నా మీదే మనసు కష్టపెట్టుకున్నాను. తేజస్విని చేత ఇంగ్లీషులో అడిగించాను. హన్నా తెల్లబోయింది. అది నువ్వు చిన్నప్పుడు కట్టిన పాట అన్నావట. "పటాన్‌చెరు బుల్లెమ్మ పట్టిన హారతి" అనే ఆఖరి చరణం గుడి దాటి పాడకూడదన్నావట. ఇక్కడ నేను ఆ పాట పాడి వినిపించినప్పుడు, నా ఎదురుగానే అన్నావు మురళీ. పాట కట్టినవాళ్లు చివర పేరు పెట్టుకుంటారు, ఇది మా అమ్మ పేరు అని నేను తెలుగులో చెబుతూ ఉన్నాను. నేను చెప్పిందే నువ్వు ఆమెకి చెబుతున్నావనుకున్నాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మొన్న శుక్రవారం దీపం పెట్టాక హన్నా మళ్లీ ఫోన్ చేసింది. ఆ చరణం అర్థంతో సహా నేర్చుకుంది. వచ్చే కచేరీలో కట్టినావిడ ఎవరో చెప్పి, ఆ చరణం తెలుగులోనే పాడతానంది. నీతో ఇప్పుడే అంటానంటే, ముందు నన్ను రాయనివ్వమన్నాను. సభలో కూర్చుని నువ్వు తలదించుకోవడం నాకిష్టం లేదు. సినిమావాళ్లకి పేరు మార్చమని నువ్వే చెప్పు.

అమ్మ మిగతా పాటలు పాడి పంపమన్నావు. పాడతాను. హన్నాకి పంపుతాను. నీకు పంపను.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
బుల్లెమ్మగారి పెద్దమ్మాయి