గడిచిన ఏడాదిలో పన్నెండో అంశం

అన్నయ్యా,

ఏటా ఉగాది సాయంత్రం రామాలయంలో పంతులుగారు పంచాంగం చదవడం ముగించగానే, నువ్వు లేచి గడిచిన ఏడాది దేశంలో జరిగిన సంగతుల జాబితా చదివేవాడివి. నువ్వు పోయాక వచ్చిన ఈ తొలి ఉగాదికి ఆ పని నేను చేశాను. ఊళ్లోని రెండు పార్టీలవాళ్లూ ఔనన్నదే జాబితాలో ఉండాలన్న నీ నియమాన్ని తప్పలేదు.

"ఎన్నికలు జరిగాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది," అని చదివాను.

"చిత్తుగా ఓడారని రాయవేంరా?" అని గెలిచినవైపు నుంచి కోటయ్య అరిచాడు.

"మారిందన్నాడుగా! ఇంకేం కావాలంట నీకు?" అని ఓడినవైపు నుంచి సాంబయ్య కసిరాడు.

ఇద్దరూ ఒప్పుకున్నట్లే కనుక ముందుకు సాగాను. బెజవాడ వరద, రాజధాని పనులు, పడిపోయిన మిర్చి ధరతో సహా పదకొండు అంశాలూ నిలిచాయి.

"మీ అన్నగారు పోయిన సంగతి లేదేమయ్యా?" అన్నారు పంతులుగారు.

"ఇంటి సంగతులు దేశం జాబితాలో రాయకూడదన్నది అన్నయ్య నియమమేనండి."

కోటయ్య లేచి నిలబడ్డాడు. "అది ఇంటి సంగతెట్టా అవుద్దిరా? రాయి."

నేను సాంబయ్య వంక చూశాను.

"ఔను, రాయి," అన్నాడు.

రెండు పక్షాలూ ఔనన్నాక కాదనే అధికారం నాకు లేదు. అక్కడే కూర్చుని, పన్నెండో అంశంగా నీ పేరు రాశాను.

నీ తమ్ముడు