రెండో మిషను

అమ్మాయికి, నాన్న దీవించి రాసేది. ఒంట్లో బాగానే ఉంది, మనసే మండుతోంది.

కొత్త సంవత్సరం పొద్దున్నే మీ ఆయన ఎవరినో వెంటబెట్టుకొచ్చి, నన్నడక్కుండానే మీ అమ్మ కుట్టుమిషను బేరం పెట్టాడు. "ఒక్క మనిషికి రెండు మిషన్లెందుకు మామయ్యా?" అన్నాడు. "రెండు కళ్లెందుకు బాబూ?" అన్నాను. అల్లుడికి ఎదురుచెప్పడం ఇదే మొదలు. పోయిన ఏడు ఆవిడను తీసుకుపోయింది, ఈ ఏడు మొదటిరోజే మిషను మీద పడింది. దాన్ని ముట్టుకోవద్దని నువ్వే చెప్పు.

నువ్వూ తక్కువదానివి కాదు. సూది గుచ్చుకోకుండా మీ అమ్మ వేలికి తొడుక్కునే అంగుస్తానా గుర్తుకని పట్టుకెళ్లావు. చొక్కాల కాజాలన్నీ ఆవిడే కుట్టేది, ఇప్పుడు నేనే నేర్చుకుని కుడుతున్నాను. వేళ్లు తూట్లు పడుతున్నాయి. వెంటనే పంపించు.

పిల్లల చొక్కాల కొలతలు రాయి. మీ ఆయనవి నా దగ్గరున్నాయి, కోపం తగ్గాక కుడతాను. అందరికీ దీవెనలు.