అంచున నిలబడ్డవాడు

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వు ఎప్పటికైనా కొనాలనుకున్న ఆ ఇరవై నాలుగు ఎమ్.ఎమ్. వైడ్ లెన్సు రాజమండ్రిలో అద్దెకు దొరికింది. కొనాలా వద్దా తేల్చుకుందామని మండపేటలో ఒక పెళ్ళంతా దానితోనే తీశాను.

లెన్సు మంచిదే బావా. ఫ్లాష్ లేకుండా, చీకటి వంటసాలలో గుండిగ మీద లేచే ఆవిరి కూడా పడింది. ఫొటో మూలల్లో సైతం పదును తగ్గలేదు. ఇరుకు గదిలో వెనక్కి జరగక్కర్లేదు. బరువుకి మాత్రం మెడ లాగేసింది.

గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ పెళ్ళికూతురి మేనత్త కెమెరా తెర మీద చూసుకుని, "నా బుగ్గలు బూరెల్లా పొంగించావేంటయ్యా?" అని పట్టుకుంది. వైడ్ లెన్సు ఎంత మంచిదైనా అంచున ఉన్న మొహాన్ని సాగదీస్తుందని, అక్కడ బక్కవాళ్ళనే నిలబెట్టాలని, నేను బడి మానేసి నీ కెమెరా బ్యాగు మోసిన రోజుల్లోనే చెప్పావు. మర్చిపోయాను.

ఇంటికొచ్చాక అక్కనీ పాపనీ గోడ దగ్గర నిలబెట్టాను. పాపని మధ్యలో ఉంచి అక్క అంచుకి జరిగింది.

"అక్కడొద్దక్కా, లావుగా పడతావు."

"టైమర్ పెట్టి పరిగెత్తుకొచ్చి మీ బావ ఇక్కడేగా నిలబడేవారు. తియ్యి."

తీశాను. పాప చూసి నవ్వింది.

"మావయ్యా, అమ్మకి నాన్న బుగ్గలొచ్చాయి."

నాన్న బక్కగా ఉండేవాడే అన్నాను. నమ్మలేదు. చూపిద్దామని ఆల్బమ్‌లన్నీ తిరగేశాను. నువ్వు మధ్యలో నిలబడ్డ ఫొటో ఒక్కటీ దొరకలేదు.