కంటి చుక్కలు, నా నవ్వు

క్యాంపు ఇన్‌చార్జి సురేందర్ సార్‌కి నమస్కారాలు.

అక్షరాలు ఇంత పెద్దగా, వంకరగా ఉన్నందుకు క్షమించండి. నా కళ్లింకా మసకగానే ఉన్నాయి. డ్యూటీలో నవ్వానని రేపు కంటి క్యాంపుకు రావద్దన్నారు కదా, ఎందుకు నవ్వానో చెప్పుకోనివ్వండి.

పొద్దున కంఠేశ్వర్ నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్లు వచ్చారు కానీ, పరీక్షకు ముందు వేసే చుక్కలు వద్దన్నారు. "సుక్కలేస్తే పొద్దుమూకేదాక మసకనే ఉంటదట. బీడీలెట్ల జెయ్యాలె?" అంటూ భూమవ్వ లేచింది. వెంటే వరుసంతా లేచింది. నాకేం తోచక, "ముందు నాకెయ్యండి" అని అద్దాలు తీసేసి డాక్టరమ్మ ముందు కూర్చున్నాను.

ఆ తర్వాత మసకలో కూలర్‌ను మనిషనుకుని నమస్తే పెట్టాను. మిమ్మల్ని పేషెంటనుకుని చెయ్యి పట్టుకుపోయి వరుసలో కూర్చోబెట్టి, "భయపడకు పెద్దనాయనా, సుక్కలే" అన్నాను. అది తప్పే సార్. కానీ నాతో పాటు హాలంతా పగలబడి నవ్వింది, మీరొక్కరు తప్ప. గుమ్మం దాకా పోయిన భూమవ్వ వెనక్కొచ్చి, "నాకు సుత ఎయ్యిండ్రి" అంది. ఆ చుక్కలు వేసి చూస్తేనే ఆమె కంట్లో శుక్లం బయటపడింది.

చుక్కలు వేసుకున్నాక అందరూ పరీక్షకు లోపలి గదికి రావాలి కదా, నేను ఆ గది దగ్గరే నిలబడి ఇంకా నవ్వుతున్నాను. కళ్లు మసకగా ఉన్నా భూమవ్వ తడుముకోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఎట్లా వచ్చావవ్వా అంటే, "నీ నవ్వు ఇనుకుంట అచ్చిన బిడ్డా" అంది.

రేపు మోస్రా ఊరి నుంచి ఆమె చెల్లెలు కూడా చుక్కలు వేయించుకోవడానికి వస్తోంది సార్. నన్ను ఆ గది దగ్గర నిలబడనివ్వండి. ఈసారి మిమ్మల్ని గుర్తుపట్టేలా అద్దాలు పెట్టుకునే నవ్వుతాను.

ఇంకా నవ్వు ఆగని,
మీ వాలంటీరు