పెద్దనాన్న పాటల పెట్టెకు కరెంటు కష్టాలు

అక్రా, సోమవారం

పెద్దమ్మ అరబా గారికి ఎబో నమస్కారాలు.

మీరు ఫోన్లో చెబితే వినరు, రాస్తే చదువుతారు. అందుకే బస్సు డ్రైవర్ పెయింట్‌సిల్ చేతికిచ్చి పంపుతున్నాను. బీరువా మీదున్న పెద్దనాన్న పాత ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా మార్చాను. అంటే మూత వేసున్నా అది లోపల మేలుకునే ఉంటుంది, అందులోని పాటలు నేనిక్కడి నుంచే తీసుకోవచ్చు. ఆయన చర్చిలో పాడినవన్నీ అందులోనే ఉన్నాయి, మరెక్కడా లేవు. ఇరవయ్యో తేదీ సంవత్సరీకానికి అవి చర్చికి అందాలి. కరెంటు పోతే దాని బ్యాటరీ మూడు గంటలు నడుపుతుంది. వైఫై పెట్టెకూ ఒక బ్యాటరీ తగిలించాను. మీరేమీ చెయ్యక్కర్లేదు.

మీ ఎబో

తా.క. నిజంగానే ఏమీ చెయ్యొద్దు.

కేప్ కోస్ట్, బుధవారం

నాయనా ఎబో, చల్లగా ఉండు.

నిన్న కరెంటు మూడుసార్లు పోయింది. పోయినప్పుడల్లా ఫ్రిజ్, టీవీ, నీ సర్వర్, అన్ని ప్లగ్గులూ పీకేశాను. తిరిగొచ్చే కరెంటు ఎంత పొగరుగా వస్తుందో నీకు తెలియంది కాదు. పక్కింటి ఆర్థర్ గారి ఫ్రిజ్‌ను కాల్చింది అదే. కరెంటు వచ్చాక నీదానికి మాత్రం మళ్ళీ పెట్టలేదు. చప్పుడు లేదు, వెలుగు లేదు, నిద్రపోయేదాన్ని లేపడం దేనికి? ఒళ్ళు వెచ్చగా ఉంటే జ్వరమేమోనని శాలువా కప్పాను.

పెద్దమ్మ

తా.క. నీ ఉత్తరానికి పదికి ఆరు. రిటైరైనా హెడ్‌మిస్ట్రెస్‌నే. చెయ్యొద్దని ఒకసారి రాస్తే చాలు.

అక్రా, గురువారం

పెద్దమ్మా, నమస్కారాలు.

అది జ్వరం కాదు, పని చేస్తే వచ్చే వేడి. శాలువా తీసెయ్యండి. ప్లగ్గు పెట్టి, పక్కనున్న బొత్తాం ఒక్కసారి నొక్కండి. పొగరు కరెంటును ఆపడానికే గోడకు తెల్లపెట్టె బిగించాను, ఇక పీకకండి. ఇక్కడ సగం పాట దగ్గర ఆగిపోయి కూర్చున్నాను.

మీ ఎబో

తా.క. ఏడైనా వెయ్యాల్సింది.

కేప్ కోస్ట్, శుక్రవారం

నాయనా,

శాలువా తీశాను, బొత్తాం నొక్కాను. ప్లగ్గు జోలికి వెళ్ళనని బైబిల్ మీద చెయ్యి వేసి చెబుతున్నాను.

పెద్దమ్మ

తా.క. మార్కులు అడిగి వేయించుకోరు. ఐదు.

అక్రా, బుధవారం

పెద్దమ్మా,

నాకు మతి పోతోంది. కరెంటు పోయిన యాభై నిమిషాలకే అది చచ్చిపోతోంది. కొత్త బ్యాటరీ పంపాను, మీ వీధి ఎలక్ట్రీషియన్ బిగించాడు, అయినా అంతే. మూడుసార్లు లెక్క వేసి చూశాను, ఎక్కడ పోతోందో అంతుబట్టలేదు. దాని ఆయుష్షు తీరినట్టుంది. శనివారం వచ్చి అక్రా తీసుకొచ్చేస్తాను. పాటలు తీసుకుని, పెట్టెను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను.

మీ ఎబో

తా.క. ఎవరైనా దాన్ని ముట్టుకుంటున్నారా?

కేప్ కోస్ట్, గురువారం

నాయనా ఎబో,

దాన్ని తీసుకెళ్ళకు.

శాలువా తీసేటప్పుడు మూత కూడా తీశాను. తాళం మాట అడిగింది. నా పేరు కొట్టాను, తెరుచుకుంది. ముప్పై ఏళ్ళ కాపురం చేసిన మనిషి ఇంకేం పెడతాడు? అప్పట్నుంచీ కరెంటు పోయినప్పుడల్లా దాని ముందు కూర్చుని వింటున్నాను. తెర మీద ఆయన ఫోటో ఉంది, అందుకని వెలుగు పూర్తిగా పెంచాను. గొంతు కూడా. మిగతా వేళల్లో వినొచ్చుగా అంటావు. కరెంటుంటే వీధంతా టీవీలూ రేడియోలే. అది పోతేనే ఆయన నాకు వినిపిస్తాడు. ఏడాదిగా ఈ ఇంట్లో ఆ గొంతు లేదు, నాయనా.

ఏమీ చెయ్యొద్దన్నావు గానీ, వినొద్దని రాయలేదు. శనివారం రా, పాటలకు నకళ్ళు తీసుకో. పెట్టె బీరువా మీదే ఉంటుంది.

పెద్దమ్మ

తా.క. నిన్నటి ఉత్తరానికి తొమ్మిది. భయపడితే బాగా రాస్తావు.

ఇంకొకటి. పదిహేడో పాట చర్చికి ఇవ్వకు. మధ్యలో పాట ఆపి, "అరబా, కెంకే ముద్ద ఉడికిందా?" అని అడుగుతాడు. అది నన్ను అడిగింది. నిన్న కరెంటు పోయినప్పుడు ఉడికిందని చెప్పాను.