నాన్న పాతిన గొట్టాలు

అయోవా, ఏప్రిల్ 17

తమ్ముడు ఈనార్‌కు,

దేవుని దయవల్ల నాన్నా నేనూ బాగానే ఉన్నాం. పల్లపు పొలంలో నిలిచే నీటిని బయటికి లాగే కొత్త గొట్టాలు వేయడానికి సోమవారం యంత్రం పంపిస్తానన్నావు. ఇంకొక్క వాన కురిసేదాకా ఆపు నాయనా. నాన్న చేత్తో పాతిన మట్టిగొట్టాలు ఎక్కడున్నాయో ఏ కాగితం మీదా లేదు. యంత్రం వాటిని పగలగొడితే ఆ పొలం మళ్లీ మడుగైపోతుంది.

నాన్నకు నా పేరు గుర్తులేదు గానీ పొలం గుర్తుంది. నిన్న తీసుకెళ్లాను. పారతో తవ్వి, నల్లమట్టి కింద తుప్పు మచ్చలున్న బూడిదరంగు మట్టి చూపించారు. "ఇది వేల ఏళ్ల కిందట దేవుడు మంచుకొండలతో రుబ్బి పరిచిన బంకమట్టి. చుక్క నీరు దిగదమ్మా" అన్నారు. వాన వెలిశాక గొట్టాల మీది నేల ముందుగా ఆరి తెల్లబడుతుంది కదా, ఆ చారల వెంట ఆయన నడుస్తుంటే వెనకే నేను కర్రలు పాతాను. సగం అయింది.

ఒకచోట నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"మెల్లగా అమ్మా. మా అమ్మాయి ఆరేళ్లప్పుడు ఇక్కడే దిగబడిపోయింది. పిల్లని లాగాను గానీ బూటు రాలేదు. ఎంత ఏడ్చిందో!"

"ఇప్పుడెక్కడుంది మీ అమ్మాయి?" అన్నాను.

"ఇంట్లోనే. ఆలస్యమైతే ఊరుకోదు" అని నవ్వారు.

ఇవాళ నేలంతా ఆరి చారలు మాయమయ్యాయి. ఈసారి వాన వెలిశాక నువ్వొచ్చి, మిగతా సగం ఆయనతో నడువు. కొడుకునని చెప్పి కంగారుపెట్టకు. పొలం చూడ్డానికి వచ్చానను. నీ గురించి కూడా ఏదో ఒకటి చెబుతారు.

నీ అక్క