వైజాగ్ మొదటి ఆప్షన్

శుక్రవారం, రాత్రి

మా మనవరాలు సింధు ఇవాళ మెడికల్ కాలేజీల ఆప్షన్లు పెట్టింది. పెట్టిందంటే, వాళ్ల నాన్న లాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటికి దగ్గరని విజయవాడని మొదట పెట్టేశాడు. పిల్ల మనసు వైజాగ్ మీద ఉందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. నోరు మాత్రం విప్పదు.

వాడు ఆఖరి బటన్ నొక్కబోతుంటే, "ఆగరా, రాహుకాలం!" అన్నాను. నిజానికి అది మధ్యాహ్నం పన్నెండింటికే అయిపోయింది. మావాడు చటుక్కున చెయ్యి తీసేశాడు. ఇంజనీరే గానీ ఆ భయం పోలేదు.

సింధుని వరండాలోకి లాక్కెళ్లాను.

"ఏమే డాక్టరమ్మా, నాన్నకి చెప్పడానికే భయమైతే రేపు రోగులకేం చెబుతావే?"

"ఐదున్నరేళ్లు తాతయ్యా, ఆ తర్వాత మళ్లీ పీజీ. అన్నాళ్లూ నిన్నెవరు చూస్తారు?"

"నీ చేత సూది పొడిపించుకోకుండా ఎక్కడికీ పోన్లేవే!"

మా ఊరి కాలవ గుర్తొచ్చింది. హైస్కూలు అవతలి గట్టున ఉండేది. నీళ్లకి భయపడి మా అమ్మ నన్ను పడవ ఎక్కనివ్వలేదు. స్నేహితులు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని దాటుతుంటే, నేను ఇవతల తేగలు నములుతూ చూసేవాణ్ణి. అమ్మ పక్కన హాయిగానే ఉండేది. చదువు మాత్రం అవతలే ఉండిపోయింది.

సింధు లోపలికెళ్లి అడిగేసింది. మావాడు కాసేపు గునిసి, వైజాగ్‌ని పైకి జరిపి బటన్ నొక్కాడు. రాహుకాలం సంగతే మర్చిపోయాడు.

సీటొస్తే, పొద్దున్నే నా షుగర్ చూసి తిట్టే మనిషి ఇక సెలవులకే వస్తుంది. కాఫీలో పంచదార దండిగా వేసుకోవచ్చు. ఎందుకో ఆ సంతోషం ఇంకా రావడం లేదు...